మన కాయ వేసి చూద్దాం

అంబాజీపేట

చి. రవికి నాన్న ఆశీస్సులు.

బెంగళూరు ప్రదర్శనలో చూసి నువ్వు పంపిన, ఇంకా అమ్మకానికి రాని మూడు చక్రాల కారు ఫొటోలు చూశాం. మీ అమ్మ ఫోనులో బొమ్మను పెద్దది చేసి మరీ తలుపు ఎంత ఎత్తులో ఉందో చూసింది. "కాలు పెద్దగా ఎత్తకుండానే ఎక్కవచ్చు కదండీ" అంది. మోకాళ్ళ నొప్పి వచ్చాక నా మోపెడ్ మీద కూర్చోవడం మానేసి ఏడాది దాటింది. అమలాపురం ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆటో పిలవాలి. వానాకాలంలో ఆ ఆటో అబ్బాయి కాలువ గట్టు మీదికి రానంటాడు, పెద్ద రోడ్డు దాకా గొడుగు పట్టుకుని ఆవిడను నడిపించుకు వెళ్ళాలి. ఇదంతా మనసులో పెట్టుకుని మా కోసం పదివేలు కట్టి బుక్ చేస్తానన్నావు. ఆ రాత్రి సంతోషంతో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. అయినా చెబుతున్నాను, ఆ డబ్బు ఇప్పుడే కట్టవద్దు. కారణం ఫోనులో చెబితే మధ్యలో నీకు ఏదో పని తగులుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1996 నవంబరు 6 తుపాను మన కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో వింటూనే పెరిగావు. తోటలు పోయాక కాయ దొరకడమే కష్టమైంది, దొరికిన కాయ మీద మిగిలేది తక్కువ. దింపు కూలి, ఒలుపు కూలి, లారీ కిరాయి పోను చేతికి ఏమీ వచ్చేది కాదు. అలాంటి రోజుల్లో ఒక కొత్త కంపెనీ వాళ్ళు కల్యాణ మండపంలో కొబ్బరికాయలు ఒలిచే యంత్రాన్ని ప్రదర్శనకు పెట్టారు. పళ్ళున్న రెండు ఇనుప రోలర్లు, మధ్యలో కాయ వేస్తే పీచు రెండు వైపులా చీలిపోయి లోపలి కాయ నున్నగా దొర్లుకుంటూ తట్టలో పడేది. పలుగు మీద మనిషి నాలుగైదు పోట్లు పొడిచి తీసే పని చిటికెలో అయిపోయింది. మండపమంతా చప్పట్లు.

ఆ కాయలన్నీ వాళ్ళు తమ బస్తాలో తెచ్చుకున్నవే. అన్నీ ఒకే సైజు, ఒకే ఎండు. మన దొడ్డి కాయ అలా ఉంటుందా? ఒకటి పొడుగు, ఒకటి గుండ్రం, ఒకటి ఇంకా పచ్చిపీచు. నేను ఇంటి నుంచి ఒక కాయ సంచిలో వేసుకుని వెళ్ళాను, అడిగి వేయిద్దామనే. తీరా అక్కడికి వెళ్ళాక కాయ చేతిలో పట్టుకుని నిలబడ్డానే తప్ప ముందుకు వెళ్ళలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే అడ్డు తగిలినట్టు ఉంటుందనుకున్నాను. అసలు కారణం వేరు. ఆ కాయ యంత్రంలో ఇరుక్కుపోతుందేమోనని నాకు భయం వేసింది. యంత్రం నాకు అంతగా కావాలి. ఎనిమిది వేలు అడ్వాన్సు కట్టి, అదే కాయ వెనక్కి తెచ్చుకున్నాను.

రసీదు మీద "యంత్రం అందజేయని పక్షంలో సొమ్ము వాపసు ఇవ్వబడును" అని అచ్చు వేసి ఉంది. ఆరు నెలల తర్వాత వెళితే వాళ్ళ షెడ్డుకు తాళం. గుమ్మం ముందు షెడ్డు యజమాని కూడా అద్దె బాకీ కోసం నిలబడి ఉన్నాడు. వాళ్ళు మోసం చేయాలనే వచ్చారని నేను ఈరోజుకీ అనుకోను. యంత్రం నిజంగానే తయారు చేయాలనుకున్నారు. కానీ వాళ్ళకు వేరే పెట్టుబడి లేదు, మా అడ్వాన్సులే పెట్టుబడి. మా డబ్బుతో ఇంకో ఊళ్ళో మండపం అద్దెకు తీసుకున్నారు. ఖర్చయిపోయిన డబ్బును వాపసు ఇస్తామని ఎంత గట్టిగా రాసిచ్చినా ఏం లాభం? ఆ రసీదు ట్రంకుపెట్టెలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

అమెరికాలో ఎలియో అనే కంపెనీ సంగతి మీ బావ చెబితే వెతికి చదివాను. 2009లో ఫీనిక్స్‌లో మొదలైంది. వాళ్ళదీ మూడు చక్రాల కారే. ధర 6,800 డాలర్లు, గాలను పెట్రోలుకు 84 మైళ్ళు అని చెప్పారు. వంద నుంచి వెయ్యి డాలర్ల దాకా డిపాజిట్లు తీసుకున్నారు. డబ్బు వాపసు అడగబోమని ఒప్పుకుని కట్టినవాళ్ళకు వరుసలో ముందు చోటు. లూసియానాలో జనరల్ మోటార్స్ వదిలేసిన కర్మాగారంలో తయారు చేస్తామన్నారు. 65,000 మందికి పైగా బుక్ చేసుకున్నారు. వచ్చే ఏడాది, ఆ పై ఏడాది అంటూ తేదీ జరుగుతూనే పోయింది. నమూనా బండ్లు ఊరూరా తిరిగాయి గాని, డబ్బు కట్టినవాళ్ళ ఇంటికి ఒక్క కారూ చేరలేదు. అందరూ అలాంటివాళ్ళేనని అనను. ఆ దేశంలోనే ఆప్టెరా అని మరో మూడు చక్రాల కారు కంపెనీ 2011లో మూతపడుతూ జనం కట్టిన డిపాజిట్లు తిరిగి ఇచ్చేసింది.

అందుకని నీ కంపెనీ వాళ్ళను ముందు ఒకటి అడుగు: మా పదివేలు ఎక్కడ ఉంటుంది? బ్యాంకులో వేరే ఖాతాలో, వాళ్ళు ముట్టుకోవడానికి వీల్లేకుండా ఉంటుందా, లేక జీతాలకు, అద్దెలకు పోతుందా? కంపెనీ దివాలా తీస్తే తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్ళు ముందు నిలబడతారు, నీలాంటివాళ్ళు వెనక. రెండోది, మన దేశంలో ఏ కొత్త రకం బండి అయినా రోడ్డెక్కే ముందు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన కింద పరీక్ష నెగ్గాలి, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో. ఆ ధ్రువపత్రం వచ్చిందా? వస్తుంది అంటే చాలదు. ఇంకో సంగతి కూడా చూశాను. 2023 అక్టోబరు నుంచి మన కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలు ఇస్తున్నారు కదా, మూడు చక్రాల బండి ఆ లెక్కలోకి రాదు. మీ అమ్మ కూర్చునే సీటు గురించి మాట్లాడుతున్నాం, కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

మూడు చక్రాలంటే నాకు భయం లేదు. సెంటర్లో ఆటోలు బాగుచేసే మెకానిక్‌కు నీ ఫొటో చూపించాను. ముందు రెండు, వెనక ఒకటి ఉండడం మంచిదేనన్నాడు. ఆటోకు ముందు ఒకటే చక్రం. మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందు మూలకు వస్తుంది, అక్కడ ఆనడానికి చక్రం ఉండదు. ముక్కాలి పీటకు రెండు కాళ్ళ మధ్య చెయ్యి ఆనిస్తే తిరగబడినట్టే. అలా ముందు ఒకే చక్రం ఉండే అమరికను డెల్టా అంటారని చదివి ఆశ్చర్యపోయాను, మన గోదావరి డెల్టాకు పేరిచ్చిన గ్రీకు అక్షరమే. కానీ నీ కారుకు వెనక చక్రం నడిమధ్య నడుస్తుంది. మన గట్టు మీద గుంట వస్తే మోపెడ్ అయినా పక్కకు తప్పుకుంటుంది, కారయితే గుంటను మధ్యకు వదిలేస్తుంది. ఈ బండికి రెండు పక్కలా తప్పించినా మూడోది సరిగ్గా గుంటలోనే పడుతుంది. లాకు దగ్గర మలుపు నీకు తెలుసు, ఒక పక్క కాలువ, ఒక పక్క చేపల చెరువు. వాన వెలిసిన మర్నాడు ఆ బంకమన్నులో వెనక ఒక్క చక్రం ఎలా పట్టుకుంటుందో బెంగళూరు ప్రదర్శనలో తెలియదు. అద్దం పగిలితే ఎక్కడ దొరుకుతుందని కూడా మెకానిక్ అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

వాళ్ళు నిజంగా బండ్లు అమ్మడం మొదలుపెట్టాక, ఒకటి అద్దెకో, పరీక్షకో తీసుకుని వర్షాకాలంలో మన ఊరు రా. లాకు మలుపు నేనే నడుపుతాను, పక్కన మీ అమ్మ కూర్చుంటుంది. అది బాగా నడిస్తే నీ పదివేలు అక్కర్లేదు, పూర్తి ధర నేనే కడతాను, ఒక్క రూపాయి తగ్గించమని కూడా అడగను. పోస్టాఫీసులో డబ్బు ఉంది.

రెండు సీట్లేనన్నావు. వెనక కాయల బస్తా ఒకటి పట్టే చోటుందేమో కనుక్కో.

మీ నాన్న