వానకు కారుతున్న మోటార్‌హోమ్ పైకప్పుపై ఫిర్యాదు

శ్రీకాకుళం

మేనేజరు గారికి,
సర్వీసు విభాగం.

విషయం: మీ సంస్థ తయారుచేసి ఇచ్చిన మోటార్‌హోమ్ పైకప్పు వర్షానికి కారుతున్నందున, కప్పు విప్పి పూర్తిగా బాగుచేసి ఇవ్వవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

గత సంవత్సరం వేసవిలో మీ వద్ద మోటార్‌హోమ్ కట్టించుకున్న వినియోగదారుణ్ణి. బిల్లు, వారంటీ పత్రం, మీ సర్వీసు సిబ్బంది ఇచ్చిన జాబ్ కార్డుల నకళ్లు, ఫోటోలు ఈ లేఖకు జతపరుస్తున్నాను. ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మగారు ఎక్కువసేపు కూర్చోలేరు, దారిలో కనిపించే మరుగుదొడ్లు వాడలేరు. పడుకోవడానికి మంచం, లోపలే బాత్రూము ఉన్న బండి అయితే ఆమెను పూరీకి, ఆపైన కాశీకి తీసుకువెళ్లవచ్చన్న ఒకే ఒక్క ఉద్దేశంతో, పదవీ విరమణ సమయంలో చేతికొచ్చిన సొమ్ములో అధిక భాగం ఈ బండి మీద పెట్టాను. ఇంతవరకు ఆ రెండు యాత్రల్లో ఒక్కటీ జరగలేదు.

తొలకరి జల్లులకే వంటగట్టు పైనున్న అలమర లోపల తడి కనిపించింది. ముసురు పట్టేసరికి అలమర మూల నుంచి టీ డికాషన్ రంగు నీరు చుక్కలు చుక్కలుగా కారసాగింది. శుభ్రమైన వాన నీరు ఆ రంగులో దిగుతున్నదంటే, అది కప్పు పొరల మధ్య చెక్కను నానబెట్టి వస్తున్నదని ఎవరికైనా తెలుస్తుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ మీ సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు, మనిషినీ పంపించారు. ఆ విషయంలో నాకు ఆక్షేపణ లేదు. నా ఆక్షేపణంతా వారు చేసిన పని గురించే.

వచ్చిన ప్రతి మనిషీ నిచ్చెన వేసుకుని పైకెక్కి, కనిపించిన అతుకు మీదల్లా సిలికాన్ పూసి దిగిపోయాడు. పాత సిలికాన్ మీద కొత్త సీలెంట్ (సందులు మూసే జిగురు) ఏదీ సరిగా అంటుకోదన్న సంగతి ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినదే. పాతదాన్ని పూర్తిగా గీకి, ఆ చోటు శుభ్రం చేసి ఆరబెట్టిన తరువాతే కొత్తది వేయాలి. పైగా మా ఎండలకు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయే ఫైబర్ గ్లాస్ షీటు, ఒక్కసారిగా వాన పడితే చల్లబడి కుంచించుకుంటుంది. ఆ సాగుడును, కుదింపును తట్టుకోవాలంటే అతుకు కింద బ్యూటైల్ టేపు అనే మెత్తని జిగురు పట్టీ, అంచున సాగే గుణమున్న పాలియురేథేన్ సీలెంట్ ఉండాలి తప్ప పైపూత నిలవదు. అందుకే మీ మరమ్మతు ఏదీ మరో వాన వరకు కూడా ఆగలేదు.

ఆ తరువాత మీ ఇంజనీరు ఒకరు ఇది వాన నీరు కాదనీ, కప్పు మీది ఏసీ నుంచి దిగే నీరనీ జాబ్ కార్డులో రాశారు. ఈ నిర్ధారణను నేను అంగీకరించడం లేదు. ఏసీ అసలు వేయని రోజుల్లో, బండి ఇంటి ముందు కదలకుండా ఉన్నప్పుడు, వాన పడిన గంటకో రెండు గంటలకో కారడం మొదలవుతుంది, వాన వెలిసిన తరువాత కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది. ఒకవేళ అది ఏసీ నీరేనని అనుకున్నా, ఆ నీరు కప్పు మీదకు చేరి పక్కలకు జారిపోవాలి కదా. లోపలికి వస్తున్నదంటే ఏసీ అడుగున సందు మూయడానికి వేసిన మెత్తని పట్టీ, అంటే గ్యాస్కెట్, నీటిని ఆపడం లేదనే అర్థం. కాబట్టి మీ ఇంజనీరు చెప్పిన కారణం కూడా మీ బిగింపులోని లోపాన్నే చూపిస్తున్నది.

మరొక విషయం మీరు ప్రత్యేకంగా గమనించాలి. మా ఇంటి ముందు నేల కాస్త వాలుగా ఉంటుంది. బండి ముందు భాగం పల్లం వైపు ఉన్నప్పుడు వంటగట్టు దగ్గర కారుతుంది. అదే బండిని తిప్పి నిలిపితే వెనుక మంచం తల వైపు కారుతుంది. అంటే నీరు ఒకచోట దిగి, కప్పు లోపలి ఇనుప చట్రం గొట్టాల వెంట పాకి, పల్లమున్న చోట బయటపడుతున్నది. కారిన చోటుకు సరిగ్గా పైన సిలికాన్ పూస్తూ కూర్చుంటే అసలు రంధ్రం ఎన్నటికీ దొరకదు.

అందుకే ఎచ్చెర్ల వైపు బస్సు బాడీలు కట్టే అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఒకరికి బండి చూపించాను. వారంటీకి భంగం కలగకుండా, ఫిల్టరు కడగడానికి మీ యూజర్ మాన్యువల్‌లోనే తీయమన్న ఏసీ లోపలి మూత తప్ప మరేదీ విప్పనివ్వలేదు. ఆయన టార్చి వేసి చూపించినది నా కళ్లారా చూశాను. ఏసీ కోసం కప్పులో కోసిన 14 అంగుళాల చదరపు రంధ్రం చుట్టూ బరువు మోసే చట్రమే లేదు. బరువంతా షీటు మీదే పడడంతో కప్పు ఆ చోట కిందికి కుంగింది, గ్యాస్కెట్ ఒక పక్క పూర్తిగా అణిగిపోయి, రెండో పక్క వేలి గోరు దూరేంత సందు ఇచ్చింది. పైకెక్కి చూస్తే వాన వెలిసిన తరువాత ఏసీ చుట్టూ పళ్లెంలో పోసినట్లు నీరు నిలిచి ఉంది. సోలార్ ప్యానెల్ బిగించిన స్క్రూలకు రబ్బరు వాషర్లు లేవు, రెండింటి తలలు అప్పుడే తుప్పు పట్టి ఉన్నాయి. ఇవి వాడకంలో వచ్చిన అరుగుదల కాదు, తయారీలోనే జరిగిన లోపాలు.

మీ కార్యాలయం నుంచి వచ్చిన చివరి సమాధానంలో “అసాధారణ వర్షపాతం” అన్న మాట వాడారు. ఇది తుపానుల తీరం. 2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి చేరువలో తీరం దాటాయి. అటువంటి గాలివానకు ఏ బండికైనా నష్టం జరిగితే నేను మిమ్మల్ని తప్పుపట్టను. కానీ నా బండి కారినది ఏ తుపానుకూ కాదు, శ్రావణ మాసపు మామూలు ముసురుకు. బండి శ్రీకాకుళంలో ఉంటుందని, ఎక్కువగా సముద్రతీరపు దారుల్లోనే తిరుగుతుందని ఆర్డరు ఇచ్చినప్పుడే మీ ప్రతినిధికి చెప్పాను. ఉప్పుగాలికి తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేస్తామని మీ కొటేషన్‌లోనే ఉంది.

ఇప్పుడు లోపలి పరిస్థితి మరీ దిగజారింది. అలమర వెనుక ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉబ్బాయి, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగుతున్నది. మంచం పైన బూజు పట్టింది. తలుపు తీయగానే నిమ్ము వాసన కొడుతున్నది. అమ్మగారికి ఆయాసం ఉన్నందున ఆమెను అందులో పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు. వీటన్నిటికంటే నన్ను భయపెడుతున్నది కరెంటు. ఏసీకి వెళ్లే 230 వోల్టుల తీగ ఆ తడిసిన పొరల మధ్యగానే పోతున్నది. అందుచేత ఇంటి నుంచి ఇచ్చిన కరెంటు కనెక్షన్‌ను తీసివేసి బండిని పక్కన పెట్టాను.

నీటి చెమ్మ వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని పత్రంలో ఉన్న మాటను మీ సిబ్బంది చూపుతున్నారు. యజమాని అజాగ్రత్త వల్ల నీరు చేరితే ఆ మాట చెల్లుతుందేమో గానీ, మీరు కోసిన రంధ్రం గుండా, మీరు బిగించిన స్క్రూల గుండా దిగిన నీటికి అది ఎలా వర్తిస్తుందో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి నేను కోరేది మరొక సిలికాన్ ట్యూబు కాదు. మీ ఖర్చుతో బండిని మీ కర్మాగారానికి తీసుకువెళ్లి, లోపల బ్లోయరుతో గాలి నింపి, పైన సబ్బు నీరు చల్లి, బుడగలు వచ్చే చోట్లన్నీ నా సమక్షంలో గుర్తించాలి. ఏసీ, సోలార్ ప్యానెల్ దించి, రంధ్రం చుట్టూ సరైన చట్రం వేసి, కుంగిన కప్పును సరిచేసి, నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. తడిసిన ప్లైవుడ్‌ను, లోపలి ఇన్సులేషన్‌ను ఎండబెట్టి మళ్లీ మూసివేయకుండా పూర్తిగా మార్చాలి, తీగలను పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. బాగుచేసిన కప్పుకు, ఆ పని పూర్తయిన తేదీ నుంచి కొత్తగా వారంటీ ఇవ్వాలి. ఇదంతా కుదరదని మీరు భావిస్తే బండిని వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి చెల్లించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా, ఏ తేదీన బండిని తీసుకువెళ్తారో తెలుపుతూ రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. సమాధానం రాని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలున్నందున, శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కూడా ఆశ్రయిస్తాను. మేస్త్రీ చూపించిన లోపాల ఫోటోలు, బండిని రెండు వైపులా నిలిపినప్పుడు కారిన చోట్ల వీడియోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీరు ఎప్పుడు వచ్చినా చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ మోటార్‌హోమ్ వినియోగదారుడు,
శ్రీకాకుళం.