రెండు వైపులా వాదించిన లాయరు గోడ దూకినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఓ.జె. సింప్సన్ కేసు మీద, అంటే మాజీ భార్యనీ ఆమె స్నేహితుణ్నీ చంపాడన్న ఆరోపణ మీద విచారణ జరిగి 1995లో నిర్దోషిగా బయటపడ్డ అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడి కేసు మీద వచ్చిన వ్యాసం చదివాను. కేసు వరకు బాగానే రాశారు. కానీ డిఫెన్స్ లాయర్ జానీ కాక్రన్ దగ్గరికి వచ్చేసరికి, ప్రాసిక్యూటర్‌గా (ముద్దాయి మీద ప్రభుత్వం తరఫున వాదించే లాయరుగా) మొదలై, గోడ దూకి ముద్దాయిల వైపు చేరి, ఆ పేరుతో టీవీకెక్కిన మనిషి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. కొన్నేళ్లు క్రిమినల్ కోర్టుల్లో జూనియర్‌గా తిరిగినదాన్ని, ఆ మాట చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తరం కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

ముందు వరస సరిచేస్తాను. 1937లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టిన కాక్రన్ 1963లో లాయరై, లాస్ ఏంజిలెస్ సిటీ అటార్నీ ఆఫీసులో క్రిమినల్ కేసులు చూసే డిప్యూటీగా చేరాడు. అమెరికా సుప్రీంకోర్టు రెండు పెద్ద తీర్పులు ఇచ్చింది కూడా ఆ ఏడాదే. గిడియన్ కేసులో, లాయర్ని పెట్టుకోలేని పేద ముద్దాయికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలంది. బ్రేడీ కేసులో, ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యం ప్రాసిక్యూషన్ దగ్గర ఉంటే దాన్ని దాచకూడదంది. ఈ రెండో తీర్పు గుర్తుంచుకోండి, కాక్రన్ జీవితంలో అది మళ్లీ వస్తుంది.

రెండేళ్లకే ప్రభుత్వ ఉద్యోగం వదిలి సొంత ప్రాక్టీసు పెట్టాడు. 1966లో లెనార్డ్ డెడ్‌వైలర్ అనే నల్లజాతి యువకుడు, నొప్పులు పడుతున్న భార్యని కారులో ఆసుపత్రికి వేగంగా తీసుకెళ్తుంటే పోలీసులు వెంటపడి ఆపారు, ఒక అధికారి తుపాకీ పేలి అతను చనిపోయాడు. ఆ మరణంపై కరోనర్ (అనుమానాస్పద మరణాల కారణం తేల్చే అధికారి) విచారణ టీవీలో ప్రసారమైంది. కుటుంబం తరఫున కాక్రన్ ఉన్నాడు గానీ సాక్షుల్ని నేరుగా ప్రశ్నించే హక్కు ఆయనకు లేదు, ప్రశ్న చెవిలో చెబితే ప్రభుత్వ లాయరు లేచి "మిస్టర్ కాక్రన్ తెలుసుకోవాలంటున్నారు" అంటూ అడిగేవాడు. ఆ మాట పదేపదే వినే ఊరు ఆయన పేరు నేర్చుకుంది. అంటే టీవీ ఆయన్ని పట్టుకున్నది సింప్సన్ కేసుతో కాదు, అంతకు దాదాపు 30 ఏళ్ల ముందే, అదీ నోరు తెరిచి అడగడానికి వీల్లేని చోట. తర్వాత వేసిన సివిల్ దావా ఓడిపోయాడు.

1972లో ఇంకో ఓటమి. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు జెరోనిమో ప్రాట్‌పై హత్య కేసు, కాక్రన్ డిఫెన్స్, జ్యూరీ దోషి అంది. తన క్లయింటు నిర్దోషి అని పూర్తిగా నమ్మి ఓడిపోయిన లాయరుకి ఆ తర్వాత రాత్రులు ఎలా గడుస్తాయో, అలాంటి సీనియర్ పక్కన కూర్చున్న నాకు కొంచెం తెలుసు.

మీ వ్యాసంలో లేని సంగతి ఇక్కడుంది. 1978లో కాక్రన్ తిరిగి ప్రాసిక్యూషన్ వైపే వెళ్లాడు. ఆ కౌంటీలో ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే లాస్ ఏంజిలెస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో మూడో పెద్ద పదవి, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి లాయరు ఆయనే. సంపాదన బాగున్న ప్రాక్టీసు పక్కన పెట్టి వెళ్లాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తన రోల్స్ రాయిస్‌లో వెళ్తుంటే పోలీసులు ఆపి తుపాకులు ఎక్కుపెట్టారు, వెతికితే డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు బ్యాడ్జి దొరికింది. ఏ పోలీసుల కేసులు ఆయన ఆఫీసు కోర్టులో నడుపుతోందో ఆ పోలీసులే. అక్కడి నుంచి మళ్లీ డిఫెన్స్‌కి వచ్చాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఇన్నిసార్లు నడిచిన మనిషిని గోడ దూకాడని ఎలా అంటాం?

నేను జూనియర్‌గా ఉన్న సీనియర్ గారు కూడా అంతకు ముందు పీపీగా (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా) చేసినవారే. చార్జిషీటు చేతికొస్తే ఆయన సాక్షుల లిస్టు కాదు, లిస్టులో ఎవరు లేరో చూసేవారు. స్టేట్‌మెంట్ తీసుకుని వదిలేసిన మనిషి ఎవరు, ఎందుకు వదిలేశారు అని. కేసు కట్టిన ఆఫీసులో కూర్చుంటేనే ఆ చూపు వస్తుంది. ప్రాట్ కేసు చివరికి తేలింది సరిగ్గా ఇలాంటి చోటే. ముఖ్య సాక్షి పోలీసులకు ఇన్‌ఫార్మర్ అన్న సంగతి 1972లో డిఫెన్స్‌కి చెప్పలేదు. బ్రేడీ తీర్పు అప్పటికే తొమ్మిదేళ్ల పాతది! 1997లో శిక్ష రద్దయింది. ప్రాట్ జైల్లో గడిపింది 27 ఏళ్లు. అన్నాళ్లూ ఆ కేసు వదలకుండా పట్టుకున్న లాయర్లలో కాక్రన్ ఒకడు, తన వృత్తి జీవితంలో అతి సంతోషమైన రోజు అదేనని చెప్పుకున్నాడు. అప్పటికి సింప్సన్ తీర్పు వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, అయినా ఆయన ఎంచుకున్న రోజు అది.

పక్షం మారడానికి హద్దులు లేవని కాదు. ప్రభుత్వం తరఫున తాను స్వయంగా చూసిన కేసులోనే తర్వాత అవతలి వైపు నిలబడకూడదన్నది అక్కడి లాయర్ల నియమం, ఉండి తీరాల్సిన నియమం. కేసు వేరైతే అభ్యంతరం దేనికి? సింప్సన్ కోర్టుగదినే చూడండి. డిఫెన్స్‌లో ఉన్న రాబర్ట్ షపీరో కూడా ఒకప్పుడు డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీయే. ప్రాసిక్యూషన్ నడిపిన మార్షా క్లార్క్ మొదట డిఫెన్స్ లాయరు, ఆ కేసు తర్వాత పేద ఖైదీల అప్పీళ్లు చూసింది, టీవీలోనూ మాట్లాడింది. ఆమె పక్కన కూర్చున్న క్రిస్టఫర్ డార్డెన్ తర్వాత డిఫెన్స్ ప్రాక్టీసు పెట్టాడు. వీళ్లెవరినీ మీ వ్యాసం గోడ దూకారని అనలేదు.

సింప్సన్ తీర్పు సరైనదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఇద్దరు మనుషులు చనిపోయారు, 1997లో విడిగా నడిచిన పరిహారం దావాలో సివిల్ జ్యూరీ ఆ మరణాలకు సింప్సన్‌ని బాధ్యుణ్ని చేసింది, ఆ కుటుంబాల బాధ నాకు అర్థమవుతుంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఈ వృత్తిలోని మూడో కుర్చీ, టీవీ కుర్చీ. 1997లో కాక్రన్ కోర్ట్ టీవీలో షో మొదలుపెట్టాడు, మొదట్లో తోడుగా అట్లాంటా మాజీ ప్రాసిక్యూటర్ నాన్సీ గ్రేస్. అదే కాలంలో, న్యూయార్క్ పోలీస్ స్టేషన్‌లో చిత్రహింసలకు గురైన అబ్నర్ లౌయిమా తరఫున పనిచేస్తున్నాడు కూడా, ఆ కేసు 2001లో సుమారు 87 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఆయన మీద నాకున్న గౌరవం పక్కన పెట్టి చెబుతున్నాను, ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకేసారి చేయడం నాకు నచ్చదు. కోర్టులో లాయరు ఒక మాట అంటే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెబుతాడు, జడ్జి ఆపుతారు, సాక్షిని క్రాస్ చేస్తారు. స్టూడియోలో అవేమీ ఉండవు. పేరు కింద "మాజీ ప్రాసిక్యూటర్" అని వేస్తే చూసేవాళ్లు ఆయన మాటని ప్రభుత్వం మాటంత బరువుగా తీసుకుంటారు, ఈ రోజు ఆయన ఎవరి దగ్గర ఫీజు తీసుకుంటున్నాడో వాళ్లకి ఎవరూ చెప్పరు. ఇంకా విచారణే మొదలు కాని ముద్దాయి అప్పుడే దోషి అయిపోతాడు, లేదా బాధితురాలే అబద్ధాలకోరు అయిపోతుంది. అనుభవం ఉన్న లాయర్లు టీవీకి రాకూడదని నేను అనను. వాళ్లు రాకపోతే చట్టం తెలియనివాళ్లే మాట్లాడతారు.

అందుకే మీ పత్రికకు ఒక విన్నపం. ఏ లాయరు అభిప్రాయం వేసినా, ఆ మనిషి ఇంతకుముందు ఏ వైపు పనిచేశారో, ఆ కేసులో గానీ దానికి దగ్గరి కేసులో గానీ ఇప్పుడు వకాల్తా ఉందో లేదో కింద ఒక్క లైను వేయండి. కాక్రన్ 2005 మార్చి 29న చనిపోయాడు. 40 ఏళ్లకు పైబడిన వృత్తిలో సింప్సన్ కేసు పట్టింది ఏడాదికి కాస్త అటూ ఇటూ. మీరు రాసిన ఆ వాక్యాన్ని సవరించి వేయండి, అందులో ప్రాట్ పేరు కూడా చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకురాలు