దాణా బస్తా మీద లేని అంకె
(పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలో పొట్టేలు పిల్లలను కొట్టంలో మేపి అమ్ముకునే రైతును నేను. మూడు నెలల పిల్లలను సంతలో కొని, బోనాలకో దసరాకో అందేలా పెంచుతాం. మా తాత, మా నాయిన మంద వెంట తిరిగి బతికారు. నా కాలానికి బీళ్లు ప్లాట్లయ్యాయి కాబట్టి నేను కొట్టం కట్టాను. ఈ ఉత్తరం సబ్సిడీ కోసం కాదు, నష్టపరిహారం కోసమూ కాదు. తవుడులో ఉండే నూనె గురించి రాస్తున్నాను.

రెండేళ్ల కింద ఒక తప్పు చేశాను. పిల్లలు తొందరగా బరువెక్కాలని మిల్లు నుంచి తాజా తవుడు తెచ్చి, పూటకు గుప్పెడు వేసే చోట దోసెడు వేశాను. నూనె ఉన్న మేతలో సత్తువ ఎక్కువని ఎక్కడో చదివాను. అది నిజమే. ఒక గ్రాము నూనె ఒక గ్రాము పిండిపదార్థం కంటే రెండింతలకు పైగా శక్తినిస్తుంది. మొదటి రెండు రోజులు పిల్లలు తొట్టి నాకేశాయి. మూడో రోజు వాసన చూసి తల పక్కకు తిప్పుకున్నాయి. నాలుగో రోజు తవుడే కాదు, ఎండు చొప్ప కూడా సగం వదిలేశాయి. పెంటికలు పోయి పేడ ముద్దలా పడింది. నేను నట్టల మందు కోసం ఫోన్ చేస్తుంటే నాయిన కొట్టంలో మంచం వేసుకుని గంటసేపు వాటినే చూసి, ‘ఒక్కటన్న నెమరేస్తలేదు, చూసినవా? పొట్టకు పడ్తలేదురా అది’ అన్నాడు. మందు వద్దని, తవుడు ఆపమని చెప్పాడు. ఆపిన నాలుగైదు రోజులకు మళ్లీ నెమరు మొదలైంది. ఈలోపు పోయిన బరువు మాత్రం ఆ సీజన్‌లో తిరిగి రాలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఇరవై కిలోల పిల్ల రోజుకు, తడి తీసేసి లెక్కిస్తే, తవుడు చొప్ప అన్నీ కలిపి సుమారు 800 గ్రాముల మేత తింటుంది. మొత్తం మేతలో కొవ్వు ఆరేడు శాతం దాటకూడదని పశుపోషణ పాఠాల్లో మొదట చెప్పే సంగతే. అంటే రోజుకు 48 నుంచి 56 గ్రాములు. నేను వేసిన తవుడు 400 గ్రాములు. పచ్చి బియ్యం తవుడులో నూనె 15 శాతం దాకా ఉంటుంది కాబట్టి అందులోనే 60 గ్రాములు వచ్చింది. మిగతా మేతలో రెండు మూడు శాతం ఎటూ ఉంటుంది, అది మరో పది గ్రాములు. నా పిల్లలు నూటికి దాదాపు తొమ్మిది పాళ్లు కొవ్వున్న మేత ముందు నిలబడ్డాయి. తిననిది వాటి పొగరు కాదు.

ఎందుకు తినలేదో తెలుసుకోవడానికి చాలామంది డాక్టర్లను విసిగించాను. నాకు అర్థమైనది చెబుతాను. గొర్రె గడ్డిని సొంతంగా అరిగించుకోలేదు. రూమెన్ అనే పెద్ద పొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. నూనె ఎక్కువైతే గడ్డి పోగుల మీద పొరలా పట్టి, ఆ జీవులను పోగు దగ్గరికి రానివ్వదు. పైగా తవుడు నూనెలో ఎక్కువగా ఉండేవి అసంతృప్త కొవ్వు ఆమ్లాలు. పీచును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అవి విషంలాంటివి. అరగని మేత పొట్టలోనే కూర్చుంటుంది. పొట్ట ఖాళీ కానప్పుడు జీవం మళ్లీ తొట్టి దగ్గరికి ఎందుకు వస్తుంది?

రెండో కారణం పేగులో ఉంది. కొవ్వు పేగుకు చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది ‘ఇక చాలు’ అని మెదడుకు చేరవేస్తుంది. ఇది మొదట నమ్మకంగా తేలిన జంతువుల్లో గొర్రె ఒకటి. 1979లో డెల్లా-ఫెరా, బెయిల్ అనే అమెరికా పరిశోధకులు దాన్ని అతి స్వల్ప మోతాదులో గొర్రెల మెదడులోని గదుల్లోకి పంపితే అవి మేత మానేశాయి. అందుకే కొవ్వు పెరిగినప్పుడు జీవం పూటను చిన్నది చేసుకుంటుంది. నాలుగు బుక్కలు తిని పక్కకు పోయి నిలబడుతుంది. మనం దాన్ని రోగం అనుకుని సూది పొడిపిస్తాం.

మూడోది జ్ఞాపకం. తిన్నాక కడుపులో ఇబ్బంది పెట్టిన మేత రుచిని, వాసనను గొర్రె గుర్తు పెట్టుకుంటుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఫ్రెడ్ ప్రొవెంజా అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు దీని మీదే పనిచేశారు. ఏది తినాలో, ఏది వదలాలో పిల్లలు తల్లి పక్కన మేస్తూ నేర్చుకుంటాయని కూడా ఆయన బృందం చూపింది. మా నాయినకు ఆ పేరు తెలియదు, కానీ కొత్త మేతను ముందు ముసలి గొర్రెకు పెట్టి, పిల్లలను దాని పక్కన వదిలేవాడు. నా కొట్టంలో అయితే అన్నీ సంతలో కొన్న తల్లి లేని పిల్లలే. చూసి నేర్చుకోవడానికి ఒక్క పెద్ద గొర్రె కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేం ‘తవుడు’ అని ఒకే మాటతో కొనేవి మూడు వేర్వేరు సరుకులు. పచ్చి బియ్యం మిల్లు తవుడు ఒకటి. యాసంగి వడ్లను ఉడకబెట్టి ఆడించే మిల్లు నుంచి వచ్చేది రెండోది, దాంట్లో నూనె ఇంకా ఎక్కువ. నూనె పిండేశాక మిగిలింది మూడోది, అందులో ఒక శాతం ఉంటే గొప్ప. చేతిలోకి తీసుకుంటే మూడూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మొదటి దానితో ఇంకో చిక్కు ఉంది. బియ్యం పైపొర లేచిన గంట నుంచే దాని నూనె విరగడం మొదలవుతుంది. ఎండాకాలం వారం నిల్వ ఉంటే మక్కిన వాసన కొడుతుంది. మనకు తెలియకపోయినా గొర్రె ముక్కుకు తెలుస్తుంది. పల్లి చెక్క కథా ఇంతే. గానుగ చెక్కలో ఏడెనిమిది శాతం నూనె మిగులుతుంది, రసాయనంతో నూనె లాగేసిన సాల్వెంట్ చెక్కలో ఒక శాతం మించదు. పత్తి గింజలో అయితే 18 శాతం పైనే. కాకపోతే గింజ లోపల ఉంటుంది కాబట్టి మెల్లగా వదులుతుంది, అంత త్వరగా ఇబ్బంది పెట్టదు.

కొవ్వు శత్రువని నేను అనడం లేదు. పాలిచ్చే తల్లి గొర్రెకు అది అవసరం. మే నెల ఎండలో జీవం మేత తగ్గించినప్పుడు ఒంట్లో తక్కువ వేడి పుట్టించి శక్తినిచ్చేది కూడా అదే. 1980ల్లో ఒహాయోలో పామ్‌క్విస్ట్, జెంకిన్స్ కొవ్వును కాల్షియంతో కలిపి సబ్బులా మార్చి మేపి చూశారు. అది రూమెన్‌లో కరగదు, ఆ తర్వాతి ఆమ్లపు పొట్టలో విడిపోతుంది. నేడు బర్రెల కోసం అమ్మే బైపాస్ ఫ్యాట్ అదే. కానీ దాని ఘాటు వాసన గొర్రెకు ఒక్క రోజులో అలవాటు కాదు. చిటికెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాలు పెంచుకుంటూ పోవాలి. బస్తా మీద బర్రె బొమ్మ, బర్రె మోతాదే ఉంటాయి. (మాట వచ్చింది కాబట్టి: బర్రె దాణాను గొర్రెకు నెలల తరబడి పెట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని చంపేస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.)

2019 పశుగణనలో 1.90 కోట్ల గొర్రెలతో మన రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన పంపిణీ పథకం కింద ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. కేంద్రం జాతీయ పశుధన మిషన్ కింద 500 గొర్రెల ఫారానికి 50 లక్షల దాకా సబ్సిడీ ఇస్తోంది. అన్నీ జీవాల లెక్కలే, వాటి తొట్టిలో ఏం పడుతుందన్న లెక్క ఎక్కడా లేదు. బీళ్లు తగ్గి కొట్టాలు పెరిగేకొద్దీ ఆ లెక్క ముఖ్యమవుతుంది. మేసేటప్పుడు గొర్రె ఏది వదలాలో తానే చూసుకునేది. కొట్టంలో దాని ముందు మనం పోసిందే ఉంటుంది.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. దాణా బస్తాల మీద ఇప్పుడు ‘కొవ్వు కనీసం ఇంత’ అని రాస్తున్నారు, ఎక్కువుంటే మంచిదన్నట్టు. గొర్రెల దాణా మీద ‘గరిష్ఠం ఇంత’ అని కూడా రాయించండి. ఆ కొవ్వు తవుడు నుంచి వచ్చిందా, పామాయిల్ నుంచా, చెక్క నుంచా అన్నది, తయారైన తేదీ కూడా పక్కనే ఉండాలి. తవుడు, చెక్క అమ్మే దుకాణాల్లో ‘నూనె తీసినది’, ‘తీయనిది’ అని విడిగా బోర్డు పెట్టించండి. మండల పశువైద్యశాలలో గుప్పెడు తవుడు ఇస్తే వారంలో నూనె శాతం చెప్పే ఏర్పాటు చేయండి. పరీక్షకు ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఊళ్లలో పశువుల బాగోగులు చూసే గోపాలమిత్రల శిక్షణలో సూదులతో పాటు ఒక పూట నెమరు చూడటం కూడా నేర్పించండి. ఆ పూటకు మా నాయినను పిలిచినా వస్తాడు, కాకపోతే కూర్చోవడానికి మంచం కావాలంటాడు.

బోనాల సంతకు పిల్లలను కొనడం మార్చిలో మొదలుపెడతాం. బోర్డుల సంగతైనా ఆలోపు తేలితే ఈ ఏడాదికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పొట్టేళ్ల పెంపకందారు,
మహబూబ్‌నగర్ జిల్లా