యానాం రేవు మెకానిక్ అన్నకు

గోదావరి మధ్యలో మా పాత ఫైబర్ పడవ ఇంజన్ వేడెక్కి ఆగిపోతే తాడు కట్టి ఒడ్డుకు లాగిన అన్నా, మీకు దండం.

ఇంజన్ పక్క నుంచి నీళ్ల ధార రాకపోవడం చూడగానే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, పోయిందన్నారు. విప్పితే రెండు రెక్కలు లేవు. కొత్తది బిగించి వదిలెయ్యలేదు మీరు. విరిగిన ముక్కలు పైపులో ఉంటే మళ్లీ అడ్డుపడతాయని, అరగంట వెతికి రెండూ తీశారు.

9.9 హార్స్‌పవర్ ఇంజన్ తీసేసి 15 హార్స్‌పవర్‌ది పెడదామంటే, ఇంజన్ తగిలించే వెనక పలకను సుత్తితో తట్టి వినిపించారు. గట్టిగా మోగాల్సింది మొద్దుగా పలికింది. లోపల ప్లైవుడ్ నానిపోయిందట! ముందు అది మార్చమన్నారు. డబ్బిస్తే టీ చాలన్నారు.