రిపేరు బాబాయికి థాంక్స్

తెల్లారితే డెమో. గీత వెంట నడిచే నా లైన్ ఫాలోవర్ రోబోలో మోటార్లు తిరగగానే, దాన్ని నడిపే ఆర్డినో బోర్డు రీసెట్ అయిపోతోంది. కోడ్ పదిసార్లు మార్చినా లాభం లేదు. టెన్షన్‌తో, షట్టర్ దించబోతున్న రేడియో రిపేరు బాబాయి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన కోడ్ వంక చూడనే లేదు. పాత బోర్డు నుంచి 104 అని రాసున్న, మోటార్ల కరెంటు గోలను అణిచే రెండు సిరామిక్ కెపాసిటర్లు ఊడదీసి, ఒకదాన్ని మోటారు టెర్మినళ్ల మధ్య సోల్డర్ చేశారు. "రెండోది నువ్వు పెట్టు" అని సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. నా చెయ్యి వణుకుతుంటే, వేడి తగులుతుందని తెలిసీ మోటారును తన వేళ్లతోనే కదలకుండా పట్టుకున్నారు. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టించి, గ్రౌండ్లు (మైనస్ వైర్లు) మాత్రం కలిపించారు.

డబ్బులివ్వబోతే, "రేపు ఆడాక చెప్పు" అన్నారు.

ఆడింది బాబాయ్! మీ స్క్రూడ్రైవర్ నా బ్యాగులోనే ఉండిపోయింది, తెచ్చిస్తాను.