విజిట్ వీసా మీద కూలికి పంపే ఏజెంట్లను ఎవరు ఆపుతారు?

సంపాదకుల వారికి నమస్కారం.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది, మంచిదే. కానీ మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి మనవాళ్లు ఇప్పటికీ ఎట్లా వెళ్తున్నారో పట్టించుకునేవాళ్లు లేరు. కంపెనీ వీసాకు టైం పడుతుందని చెప్పి ఏజెంటు దుబాయ్ విజిట్ వీసా చేతిలో పెడతాడు, అక్కడికి పోయాక మార్పిస్తాలే అంటాడు, మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి మనవాడు విమానం ఎక్కుతాడు.

పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో పని ఒప్పందం నమోదై అనుమతి రావాలి. ప్రవాసీ భారతీయ బీమా కూడా దాంతోనే వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే చాలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు ఇస్తారు. విజిట్ వీసా మీద పోయినవాడు మాత్రం కాగితాల్లో టూరిస్టు! ఒప్పందం లేదు, బీమా లేదు, జీతం ఎగ్గొడితే ఫలానా కంపెనీ అని చూపడానికి చిన్న చీటీ కూడా ఉండదు. వీసా గడువు దాటితే ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి అయి, 2024లో యూఏఈ పెట్టినట్టు మళ్లీ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడు పెడతారా అని దాక్కుని బతకాలి.

మా వాడకట్టులో ఒక తమ్ముడు ఇట్లాగే పోయి, సెంట్రింగ్ పని చేస్తూ పై అంతస్తు నుంచి పడి చనిపోయాడు. వాడు మా మనిషే కాదన్నారు కంపెనీ వాళ్లు. ఏజెంటు ఫోన్ స్విచాఫ్. తోటి కార్మికులే గది గదికీ తిరిగి చందాలు పోగుచేసి శవాన్ని పంపారు. శంషాబాద్ కార్గో దగ్గర వాళ్లమ్మ ఏ కాగితమో తెలియకుండానే వేలిముద్ర వేసింది. అప్పు ఇంకా అట్లాగే ఉంది.

1983 ఎమిగ్రేషన్ చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపితే రెండేళ్ల దాకా జైలు అని ఉంది, జరిమానా మాత్రం 2,000 రూపాయలకు మించదు. లక్షలు గుంజేవాడికి అదొక లెక్కా? రిజిస్టర్డ్ ఏజెంటు కూడా 30,000, పైన జీఎస్టీ తప్ప తీసుకోకూడదని ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఆ రేటు, అసలు ఏజెంట్ల పేర్లు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి, విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్లు హైదరాబాద్ దాటి మండలాలకు రావాలి, ఫిర్యాదు తెచ్చినవాళ్లను స్టేషన్‌లో రాజీ చేసుకోమని పంపేయకుండా కేసు కట్టాలి. ఇప్పటిదాకా ఇట్లాంటి ఏజెంట్ల మీద ఎన్ని కేసులు పెట్టారో, ఎందరికి శిక్ష పడిందో మా మూడు జిల్లాల పోలీసు అధికారులను మీ విలేకరులు అడిగి రాయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా