షిలాబోలో నాకు నీళ్లు పట్టిన తల్లికి కృతజ్ఞతలు

నేనుండే జిజిగా పట్టణానికి తిరిగి వచ్చి మూడు రోజులైంది. సెలైన్ సూది గుచ్చిన చోట చెయ్యి ఇంకా కమిలే ఉంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలు రాసే దాకా మనసు నిలవడం లేదు.

ఇథియోపియాలోని సోమాలీ ప్రాంతంలో పాఠాలు చెప్పుకొనే నేను, పశుగ్రాసం సర్వే కోసం ఇద్దరు విద్యార్థులతో కొరాహే జోన్‌లోని షిలాబో వొరెడాకు వెళ్లాను. వొరెడా అంటే మన మండలం లాంటిది; అయితే అక్కడి జనంలో ఎక్కువ మంది ఒంటెలనూ మేకలనూ తోలుకుంటూ మేత దొరికిన వైపు కదిలిపోయే సోమాలీ పశుపోషకులు. జనవరి నుంచి మార్చి దాకా ఉండే జిలాల్ అనే ఎండు కాలంలో, కెబ్రి దెహర్ పట్టణం దాటి చాలా దూరం పోయాక, ఇసుకలో మా బండి ఇరుసు విరిగింది. అప్పటికే నాకు జ్వరం, వాంతులు, విరేచనాలు. ఫోనుకు సిగ్నల్ లేదు.

విద్యార్థులు నన్ను ఒక అకల్‌కు మోసుకెళ్లారు. వంచిన కర్రల మీద చాపలు కప్పిన ఆ గుడిసెను కట్టేదీ, వలస పోయేటప్పుడు విప్పేదీ ఆడవాళ్లే. అరవై దాటిన ఆ ఇంటి పెద్దావిడ నేనెవరినని అడగలేదు. పసుపు రంగు నూనె డబ్బాలోంచి చిన్న రేకు గ్లాసులోకి నీళ్లు వంచి, రాత్రంతా గుక్క గుక్కగా తాగించింది. తన పైబట్ట అంచు తడిపి నా నుదుటి మీద వేసింది. తెల్లవారాక మేకపిల్లలు ఆ ఖాళీ డబ్బా చుట్టూ చేరి అరుస్తుంటే అసలు సంగతి తెలిసింది. వాననీరు నిలవ చేసే బిర్కా అక్కడికి సగం రోజు నడక. 2020 చివరి నుంచి వరసగా అయిదు వాన కారులు తప్పినప్పుడు మందలో చాలా భాగం పోగొట్టుకున్న ఆమె, మిగిలిన మేకపిల్లల నీళ్లు నాకు పట్టింది.

ఆమె నన్ను ‘హోయో’ అని పిలిచింది. ఆ మాటకు అమ్మ అని అర్థం. తల్లులు బిడ్డలనూ అలాగే పిలుస్తారని విద్యార్థి చెప్పాడు. కూతురిని ‘అమ్మా’ అనీ, కొడుకును ‘నాన్నా’ అనీ పిలిచే ఇళ్లలో పుట్టినవాడిని, ఆ పిలుపు విని ఆపుకోలేక ఏడ్చాను. నొప్పికి ఏడుస్తున్నాననుకొని ఆమె నా పాదాలు ఒత్తింది. డబ్బు ఇవ్వబోతే నా గుప్పిట మూసేసింది.

అంబులెన్సు కోసం వెళ్లిన విద్యార్థిని ఒక కార్యాలయంలో మొదట ఉత్తరం తెమ్మన్నారు, తెచ్చాక డీజిల్ లేదన్నారు. అదే ప్రాంతంలోని కాలుబ్ దగ్గర నేల కింద సహజవాయువు ఉందని 1970లలోనే కనుక్కున్నారు. ఆ నేల మీద ఆ పెద్దావిడ కోడలిని కాన్పుకు ఒంటె మీద ఎక్కించుకుపోవలసి వచ్చిందట. నేను బతికి బయటపడ్డాను కనుక ఈ మాట అనకుండా ఉండలేను.

నా భార్య, మా అన్నయ్య ఇంటి దగ్గర నుంచే చేయవలసినదంతా చేశారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

కెబ్రి దెహర్‌లో ఎండిపోయిన నా చేతికి ఓపికగా నరం వెతికిన నర్సు గారికి, ఇక్కడ పూటపూటా చారన్నం పంపుతున్న తెలుగు కుటుంబాలకు నమస్కారాలు. తన పక్క సీటు ఖాళీ చేయించి నన్ను పడుకోబెట్టిన ఇసుజు లారీ డ్రైవరును పైనే చెప్పవలసింది. అన్నట్టు, ఆ లారీని ఆపడానికి తెల్లవారుజాము నుంచి ఎండెక్కే దాకా దారి మీద నిలబడినవాడు ఆ పెద్దావిడ మనవడు, పన్నెండేళ్ల పిల్లవాడు. వాడి పేరైనా అడగలేదు.